క్యారీమినాటీ: ఫరీదాబాద్ గదిలో మొదలైన లైవ్, దాన్ని వెన్నంటిన వివాదాలు

దిల్లీ సరోజినీ నగర్ మార్కెట్‌లో శనివారం సాయంత్రం ఓ పావుగంట నిలబడండి. బట్టల కుప్పల పక్కన నిలబడి ‘దో సౌ, దో సౌ’ అని గొంతు చించుకునే కుర్రాళ్ల మధ్యలో, సెల్ఫీ స్టిక్‌కి ఫోన్ తగిలించుకుని ఒంటరిగా మాట్లాడుకుంటున్నట్టు కనిపించే వాళ్లు కనీసం ఒకరిద్దరైనా ఎదురవుతారు. వాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం లేదు, లైవ్‌లో ఉన్నారు. నలుగురు చూస్తున్నారో, నాలుగు వందల మంది చూస్తున్నారో మనకు తెలియదు. కానీ మాటతీరు ఎక్కడో విన్నట్టే ఉంటుంది. గుక్క తిప్పుకోకుండా సాగే హిందీ, ఉన్నట్టుండి పెరిగే గొంతు, మధ్యలో ఒక తిట్టు, వెంటనే ఒక నవ్వు.

ఆ మాటతీరు ఎక్కడిదో తెలుసుకోవాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. సరోజినీ నగర్‌లో పింక్ లైన్ మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ లాజ్‌పత్ నగర్. అక్కడ వయొలెట్ లైన్‌కి మారితే రైలు నేరుగా ఫరీదాబాద్ వెళ్తుంది. హరియాణాలోని ఆ పారిశ్రామిక పట్టణంలో ఒక ఇంటి గదిలో కూర్చుని, చదువు మధ్యలో వదిలేసిన ఒక కుర్రాడు ఉత్తర భారతదేశంలో ఒక తరం మాట్లాడే తీరును మార్చేశాడు. అతని పేరు అజేయ్ నాగర్. జనానికి తెలిసిన పేరు క్యారీమినాటీ.

తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈ పేరు 2020 మే నెలలో ‘యూట్యూబ్ - టిక్‌టాక్ గొడవ’గా పరిచయమై ఉంటుంది. ఆ గొడవకు ముందు పదేళ్ల కథ ఉంది. ఆ తర్వాత కూడా కథ ఆగలేదు. దాని కొస ఒకటి హైదరాబాద్ దాకా వచ్చింది, ఇంకొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఎకనామిక్స్ పరీక్షకు వెళ్లని విద్యార్థి

అజేయ్ నాగర్ 1999 జూన్ 12న ఫరీదాబాద్‌లో పుట్టాడు. పదేళ్ల వయసులోనే యూట్యూబ్‌లో వీడియోలు పెట్టడం మొదలుపెట్టాడు. అప్పట్లో చేసినవి ఫుట్‌బాల్ కిటుకులు, ఆటల ట్యుటోరియళ్లు. వాటిని పెద్దగా ఎవరూ చూడలేదు. ఇప్పుడు కోట్ల సబ్‌స్క్రైబర్లున్న ప్రధాన చానల్‌ను 2014లో తెరిచాడు. మొదట్లో దాని పేరు ‘అడిక్టెడ్ ఏ1’. వీడియో గేమ్ ఆడుతూ, తెర మీద జరుగుతున్నదానికి తన స్పందనను గొంతుతో జోడించేవాడు.

2015లో పేరు మార్చి ‘క్యారీడియోల్’ అన్నాడు. కౌంటర్ స్ట్రయిక్ ఆట ఆడుతూ సన్నీ డియోల్ గొంతును అనుకరించడం అప్పటి ప్రత్యేకత. ఇక్కడ కాసేపు ఆగాలి. సన్నీ డియోల్ గొంతంటే పంజాబీ కోపం, పళ్లు కొరుకుతూ పలికే డైలాగు. తెలుగులో బాలకృష్ణ డైలాగులను కాలేజీ హాస్టళ్లలో ఎలా అనుకరిస్తారో, ఉత్తరాదిలో సన్నీ డియోల్‌ను అలా అనుకరిస్తారు. అజేయ్ చేసిందల్లా ఆ హాస్టల్ గది హాస్యాన్ని ఉన్నదున్నట్టుగా మైకు ముందు పెట్టడమే. తర్వాత ‘క్యారీమినాటీ’ అనే పేరు స్థిరపడింది.

2016లో చదువుకు తెరపడింది. ఫరీదాబాద్‌లోని దిల్లీ పబ్లిక్ స్కూల్ విద్యార్థి అయిన అజేయ్, 12వ తరగతి ఎకనామిక్స్ పరీక్ష భయంతో దానికి హాజరు కాలేదు. తర్వాత దూరవిద్యలో 12 పూర్తి చేశాడు. ఈ సంగతిని అతనే ఇంటర్వ్యూల్లో దాపరికం లేకుండా చెప్పాడు. విజయగాథలు రాసేవాళ్లకు ఇది ఇష్టమైన ఘట్టం. కానీ పరీక్ష మానేసి యూట్యూబ్‌కి వెళ్లిన పిల్లల్లో పైకొచ్చిన వాళ్లు ఎందరో, రానివాళ్లు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

అదే ఏడాది అతను ‘రోస్ట్’ వైపు మళ్లాడు. రోస్ట్ అంటే ఒక మనిషిని లేదా వాళ్ల వీడియోను తీసుకుని ముక్కముక్కగా వెటకారం చేయడం. మన మాటల్లో ఉతికి ఆరేయడం. ఇంగ్లిష్‌లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. భారతదేశంలో దాన్ని పెద్ద ఎత్తున చేసి చూపించిన ఏఐబీ బృందం 2015 ఫిబ్రవరిలో, ఫిర్యాదుల నేపథ్యంలో తన వీడియోను యూట్యూబ్ నుంచి తీసేయాల్సి వచ్చింది. ఆ వీడియోలో సినీతారలు ఉన్నారు, వేదిక ఉంది, ముంబయి ఉంది. అజేయ్ దగ్గర ఇవేవీ లేవు. దిల్లీకే చెందిన యూట్యూబర్ భువన్ బామ్ మీద చేసిన రోస్ట్ అతనికి తొలి పెద్ద గుర్తింపు తెచ్చింది.

లైవ్ అంటే ఏం జరుగుతుంది?

2017లో అజేయ్ ‘క్యారీ ఈజ్ లైవ్’ అనే రెండో చానల్ తెరిచాడు. ఇది పూర్తిగా లైవ్ కోసమే. వీడియో గేమ్ ఆడుతూ గంటల తరబడి చూసేవాళ్లతో మాట్లాడతాడు.

ఆ సమయం యాదృచ్ఛికం కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. అంతకు ముందు ఒక జీబీ డేటాను నెలంతా పొదుపుగా వాడుకున్న ఇళ్లలో పిల్లలు రోజుకో జీబీ ఖర్చు చేయడం మొదలైంది. 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చాక ఆడేవాళ్లకంటే ఆటను చూసేవాళ్లు పెరిగారు. ముంబయి నుంచి మోర్టల్, డైనమో, అహ్మదాబాద్ నుంచి టోటల్ గేమింగ్ లాంటి చానళ్లు పుట్టుకొచ్చాయి. వాళ్లలో చాలామంది ఆటలో నేర్పరులు. అజేయ్ అలా కాదు. జనం అతని ఆట కోసం రాలేదు, మాట కోసం వచ్చారు.

లైవ్‌కీ మామూలు వీడియోకీ తేడా తెలియకపోతే ఈ వివాదాలు అర్థం కావు. వీడియోకు స్క్రిప్టు ఉంటుంది, ఎడిటింగ్ ఉంటుంది, పెట్టేముందు ఒకసారి చూసుకునే వీలుంటుంది. లైవ్‌లో ఇవి లేవు. తెర పక్కన చాట్ వరదలా పారుతుంటుంది. స్ట్రీమర్ ఒక మాట అంటాడు, చాట్‌లో నవ్వులు కురుస్తాయి. ఇంకాస్త ఘాటైన మాట అంటాడు, ఇంకా ఎక్కువ కురుస్తాయి. మెత్తగా మాట్లాడితే చాట్ పలుచబడుతుంది, చూసేవాళ్ల సంఖ్య తెర మీదే తగ్గడం కనిపిస్తుంది. రంగస్థలం మీద హరికథ చెప్పే దాసుగారికి కూడా ఎదుటి జనం మొహాలు కనిపిస్తాయి. కానీ ఆ జనంలో పెద్దవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిసి ఉంటారు. మాట తూలితే ఎవరో ఒకరు మొహం చిట్లిస్తారు. చాట్‌లో మొహం చిట్లించేవాళ్లు కనిపించరు. నచ్చనివాళ్లు మౌనంగా వెళ్లిపోతారు, మిగిలేది చప్పట్లు కొట్టేవాళ్లే.

డబ్బు కూడా అక్కడే ఉంది. యూట్యూబ్ ‘సూపర్‌చాట్’ అనే ఏర్పాటు తెచ్చింది. ప్రేక్షకుడు కొంత డబ్బు కడితే అతని సందేశం రంగులో పైన నిలుస్తుంది, స్ట్రీమర్ కంట పడుతుంది. అందులో యూట్యూబ్ 30 శాతం తీసుకుంటుంది. ఆ కోత వద్దనుకునే మన దేశపు స్ట్రీమర్లు తెర మూలలో యూపీఐ క్యూఆర్ కోడ్ పెట్టేస్తారు. డబ్బు పడగానే ఒక యాంత్రిక స్వరం పంపినవాడి పేరు, సందేశం చదివి వినిపిస్తుంది. కొన్ని రూపాయలు కట్టి తన పేరు పిలిపించుకోవడం, ఇంకొన్ని కట్టి తనను తిట్టించుకోవడం ఈ లోకంలో మామూలు విషయం. బయటివాళ్లకు వింతగా ఉంటుంది. కానీ ఇంట్లో ఎవరూ పట్టించుకోని 16 ఏళ్ల కుర్రాడికి, తాను ఆరాధించే మనిషి నోట తన పేరు వినిపించడం చిన్న విషయం కాదు. ఈ తరహా లైవ్‌లో తిట్టు దూరం పెట్టడానికి కాదు, దగ్గర చేసుకోవడానికి పనికొస్తుంది. చిక్కంతా అక్కడే. చాట్‌లో ఉన్నవాడికి ఆప్యాయంగా అనిపించిన మాటే, చాట్‌లో లేని ఎవరినో ఉద్దేశించినప్పుడు వేరే పని చేస్తుంది.

అజేయ్ లైవ్‌కు మరో ముఖం కూడా ఉంది. 2019లో ఒడిశాను ఫొని తుపాను దెబ్బతీసినప్పుడు విరాళాల కోసం లైవ్ పెట్టాడు. 2020లో అస్సాం, బిహార్ వరదలప్పుడు అలాగే 10 లక్షల రూపాయలకు పైగా సేకరించాడు. 2023 జూన్‌లో ఒడిశాలో బాలేశ్వర్ దగ్గర రైళ్లు ఢీకొన్న తర్వాత కూడా ఇదే పద్ధతిలో విరాళాలు పోగుచేశాడు. ఏ తిట్లకైతే డబ్బు పడేదో, అదే తెర మీద అదే క్యూఆర్ కోడ్ పద్ధతిలో సహాయనిధికి డబ్బు పడింది. ఈ రెండింటిలో ఒకటే నిజమైన క్యారీమినాటీ అని తేల్చాలనుకునేవాళ్లు అభిమానుల్లోనూ ఉన్నారు, విమర్శకుల్లోనూ ఉన్నారు. నాకు తెలిసినంతలో రెండూ అతనే.

దేశభక్తి పాట, దిల్లీ హైకోర్టు

2018 చివర్లో యూట్యూబ్‌లో ఒక విచిత్రమైన పోటీ నడిచింది. ప్రపంచంలో అత్యధిక సబ్‌స్క్రైబర్లున్న చానల్ స్వీడన్‌కు చెందిన ప్యూడీపై అనే యూట్యూబర్‌ది. అతన్ని దాటడానికి దూసుకొస్తున్నది టీ-సిరీస్. దిల్లీలో పండ్లరసం దుకాణం నడిపిన కుటుంబంలోని గుల్షన్ కుమార్ క్యాసెట్లతో మొదలుపెట్టిన కంపెనీ అది. ప్యూడీపై టీ-సిరీస్‌ను వెక్కిరిస్తూ ఒక పాట చేశాడు. అందులో భారతీయులను ఎగతాళి చేసే మాటలున్నాయి.

దానికి జవాబుగా అజేయ్ 2019 జనవరి 1న ‘బై ప్యూడీపై’ అనే ర్యాప్ పాట విడుదల చేశాడు. సంగీతం అతని అన్న యశ్ నాగర్‌ది, విలీ ఫ్రెంజీ పేరుతో చేశాడు. పాట చూస్తుండగానే లక్షల మందికి చేరింది. గేమింగ్ గదిలోని కుర్రాడు రాత్రికి రాత్రి దేశం తరఫున మాట్లాడేవాడయ్యాడు. అదే ఏడాది టైమ్ పత్రిక ‘నెక్స్ట్ జనరేషన్ లీడర్స్’ జాబితాలో అతని పేరు చేర్చింది.

అటు టీ-సిరీస్ కోర్టుకు వెళ్లింది. 2019 ఏప్రిల్‌లో దిల్లీ హైకోర్టు ప్యూడీపై పాటలు రెండింటిని భారత్‌లో అందుబాటులో లేకుండా చేయాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంటే వెటకారం అవమానంగా మారితే దాన్ని తీయించగల దారి ఉంది, కాకపోతే లాయర్లను పెట్టుకోగల సంస్థకు ఆ దారి దొరుకుతుంది. ఏడాది దాటిన కొద్ది రోజులకే క్యారీమినాటీ వీడియో ఒకటి మాయమైంది. అప్పుడు ఏ కోర్టూ చెప్పలేదు.

2020 మే: ఆరు రోజుల వీడియో

లాక్‌డౌన్ కాలం. అందరూ ఇళ్లలో, ఫోన్లలో ఉన్నారు. యూట్యూబ్ వీడియోలు చేసేవాళ్లకూ టిక్‌టాక్ వీడియోలు చేసేవాళ్లకూ మధ్య ‘ఎవరు గొప్ప’ అనే తగాదా నడుస్తోంది. టిక్‌టాక్‌లో పేరున్న ఆమిర్ సిద్ధిఖీ, యూట్యూబర్లు తమ వీడియోలు వాడుకునే బతుకుతున్నారంటూ ఒక వీడియో పెట్టాడు. దానికి అజేయ్ 2020 మే 8న ‘యూట్యూబ్ వర్సెస్ టిక్‌టాక్: ది ఎండ్’ అనే రోస్ట్‌తో బదులిచ్చాడు.

కొన్ని రోజుల్లోనే వీక్షణలు 7 కోట్లు దాటాయి. లైకుల సంఖ్య దేశంలో అప్పటిదాకా సినిమా పాటలు కాని వీడియోలకు ఊహకందనిది. మే 14న యూట్యూబ్ ఆ వీడియోను తొలగించింది. వేధింపులకు సంబంధించిన నిబంధనల ఉల్లంఘన అన్నది కారణం.

అభిమానులకు ఇది అకారణంగా కనిపించింది. కానీ అయిదు నెలల ముందు, 2019 డిసెంబరులో, యూట్యూబ్ తన వేధింపుల నిబంధనలను ప్రపంచవ్యాప్తంగా కఠినం చేసింది. జాతి, లింగం, లైంగికత ఆధారంగా ఒక వ్యక్తిని అవమానించే వీడియోలను తీసేస్తామని, సామాన్యులకూ ప్రముఖులకూ ఒకే నియమమని ప్రకటించింది. ఆ నియమం హిందీ యూట్యూబ్‌లో ఇంత పెద్ద వీడియోకు తగలడం అందరూ గమనించిన తొలి సందర్భం ఇదే.

వీడియోలో ఏముంది? ఆమిర్ సిద్ధిఖీ వాదనకు జవాబు కొంత ఉంది. మిగతాదంతా అతని ఆకారం, హావభావాలు, ‘ఆడతనం’ మీద. హిందీలో ‘మీఠా’ అంటే తీపి. మగపిల్లల గుంపుల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది, గేలను వెక్కిరించడానికి వాడతారు. స్వలింగ సంపర్కులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఎత్తిచూపింది ఈ తరహా మాటలనే. తెలుగువాళ్లకు ఇది అర్థం కాని సంగతి కాదు. ‘ఆడంగి’ అన్న మాట మన బడి ఆవరణల్లో, సినిమా కామెడీ ట్రాకుల్లో ఎలా తిరిగిందో మనకు తెలుసు. అది పడ్డవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

స్వలింగ సంపర్కం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పు అది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మాటలతో హింసించడం కూడా శిక్షార్హమని చెప్పే చట్టం 2019లోనే వచ్చింది. చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. బడిలో, మార్కెట్‌లో, చాట్‌లో నడిచే భాష వేసిందా అన్నది వేరే సంగతి. ఏడు కోట్ల వీక్షణలున్న వీడియోలో ఒక మాట వెక్కిరింతగా పలికితే, మర్నాడు ఏ తరగతి గదిలో ఏ పిల్లవాడిని ఆ మాటతో పిలుస్తారన్నది లెక్కకు అందదు. విమర్శకులు అన్నది ఇదే. ‘ఇది సరదా, మా భాషే ఇంత’ అన్నది అభిమానుల జవాబు. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినలేదు.

అజేయ్ ఏమన్నాడు? రెండు రోజుల తర్వాత మరో వీడియో పెట్టి, తన మాటలను సందర్భం నుంచి విడదీసి చూస్తున్నారని బాధపడ్డాడు. జూన్ 5న ‘యల్గార్’ అనే పాట విడుదల చేసి తన కోపాన్ని ర్యాప్‌లోకి మార్చాడు. ఆ పాట కూడా కోట్లలో వీక్షణలు తెచ్చుకుంది. వీడియో పోయినా మనిషి పెరిగాడు. అతని చానల్‌కు ఆ వారాల్లో లక్షలాది మంది కొత్తగా చేరారు.

ఒక గుంపు, ఒక యాప్, ఒక నిషేధం

వీడియో తొలగించాక అభిమానుల కోపం యూట్యూబ్ మీదకంటే టిక్‌టాక్ మీదకు ఎక్కువగా మళ్లింది. గూగుల్ ప్లే స్టోర్‌లో టిక్‌టాక్‌కు ఒక్క స్టార్ ఇచ్చే ఉద్యమం మొదలైంది. నాలుగుకు పైగా ఉన్న రేటింగ్ కొన్ని రోజుల్లో రెండు కిందికి పడిపోయింది. గూగుల్ లక్షల సంఖ్యలో రివ్యూలను తీసేశాక మళ్లీ పైకి లేచింది. అదే వారంలో ఆమిర్ సోదరుడు ఫైజల్ సిద్ధిఖీ చేసిన పాత టిక్‌టాక్ వీడియో బయటికొచ్చింది. అది యాసిడ్ దాడిని గొప్పగా చూపిస్తోందంటూ జాతీయ మహిళా కమిషన్ ఫిర్యాదు చేసింది, టిక్‌టాక్ అతని ఖాతాను నిలిపేసింది.

తర్వాతి నెలలో గల్వాన్ ఘర్షణ జరిగింది. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. క్యారీమినాటీ వల్లే టిక్‌టాక్ పోయిందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. అది నిజం కాదు, నిషేధానికి కారణం సరిహద్దు ఉద్రిక్తత, జాతీయ భద్రత. కానీ ఆ నిషేధాన్ని కొంతమంది యువకులు తమ గెలుపుగా పండగ చేసుకున్నారన్నది నిజం. టిక్‌టాక్‌లో పేరు తెచ్చుకున్నవాళ్లలో చిన్న పట్టణాలవాళ్లు, పల్లెలవాళ్లు, ఇంగ్లిష్ రానివాళ్లు, ఇంటిపనుల మధ్యలో డాన్స్ చేసిన ఆడవాళ్లు చాలామంది. మన తెలుగు ఊళ్లలోనూ అలాంటివాళ్లు ఎందరో ఉండేవారు. ‘క్రింజ్’ అని వాళ్లను వెక్కిరించింది ఎక్కువగా నగరాల మధ్యతరగతి పిల్లలు. ఈ తగాదాలో వర్గం ఉంది. దాన్ని ‘రెండు యాప్‌ల గొడవ’ అని పిలవడం వల్ల ఆ సంగతి కనపడకుండా పోయింది.

జూలై 25న మరో దెబ్బ. ‘క్యారీ ఈజ్ లైవ్’ చానల్‌ను హ్యాకర్లు స్వాధీనం చేసుకుని బిట్‌కాయిన్ విరాళాలు అడిగారు. అమెరికాలో ఒబామా, ఎలాన్ మస్క్ లాంటివారి ట్విటర్ ఖాతాలను ఇదే తరహా మోసానికి వాడుకుని పది రోజులైంది అప్పటికి. అజేయ్ ట్విటర్‌లోనే యూట్యూబ్ సాయం కోరాడు. లైవ్‌లో అడిగితే జనం వెంటనే డబ్బు వేస్తారన్న అలవాటును దొంగలు కూడా గమనించారన్నమాట.

2021లో అతని వీడియోల్లో మహిళలను కించపరిచే మాటలున్నాయంటూ ఒక న్యాయవాది దిల్లీ పోలీసులకు ఫిర్యాదు చేశారు. వార్తల్లో కొన్నాళ్లు నలిగింది. 2022 ఏప్రిల్‌లో విడుదలైన అజయ్ దేవ్‌గణ్ సినిమా ‘రన్‌వే 34’లో అజేయ్ చిన్న పాత్రలో కనిపించాడు. ఆ తర్వాత అతని వేగం తగ్గింది. వీడియోల మధ్య ఎడం పెరిగింది, భాష కాస్త జాగ్రత్త పడింది. ఈలోగా చానల్ సబ్‌స్క్రైబర్లు 4 కోట్లు దాటారు. చుట్టూ అదే అచ్చులో పోసిన వందల చానళ్లు పుట్టాయి.

తెలుగులోకి వచ్చిన అచ్చు

రోస్ట్ తెలుగులోకి వచ్చినప్పుడు భాష మారింది కానీ మూస మారలేదు. తెర మీద ఒకరి వీడియో, మూలలో రోస్టర్ మొహం, పక్కన చాట్. సాధారణంగా ఎగతాళికి గురయ్యేది పల్లెటూరి రీల్స్ చేసేవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, మగవాళ్లలో నాజూకుగా కనిపించేవాళ్లు.

2024 జూలైలో ఇది హద్దు దాటింది. యూట్యూబర్ ప్రణీత్ హనుమంతు కొందరితో కలిసి ఆన్‌లైన్‌లో మాట్లాడుతూ, ఒక తండ్రి తన చిన్న కూతురితో కలిసి ఉన్న వీడియోపై లైంగికపరమైన వ్యాఖ్యలు చేయడం బయటపడింది. జూలై 7న నటుడు సాయి దుర్గా తేజ్ దాన్ని ఎక్స్‌లో ఎత్తిచూపి తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి తెచ్చారు. తెలంగాణ ప్రభుత్వం వెంటనే స్పందించింది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోక్సో, ఐటీ చట్టాల కింద కేసు పెట్టి, జూలై 10న అతన్ని బెంగళూరులో అరెస్టు చేసింది. అతను క్షమాపణ చెప్పాడు. అంతకు నెల ముందే విడుదలైన తన ‘హరోం హర’ సినిమాలో అతను నటించినందుకు హీరో సుధీర్ బాబు కూడా జనానికి క్షమాపణ చెప్పారు.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. క్యారీమినాటీ వీడియో ఒక పెద్దవాడి మీద, బహిరంగ తగాదాలో భాగంగా చేసింది. ఇక్కడున్నది ఒక పసిపాప, పోక్సో కేసు. కానీ గదిలో ఏం జరిగిందో చూస్తే పోలిక ఉంది. ఒకడు ఒక మాటంటే, పక్కవాడు నవ్వుతాడు, మొదటివాడు ఇంకో మెట్టు దిగుతాడు. ‘ఆపు’ అనేవాడు ఒక్కడూ లేడు. ఆ వ్యాఖ్యలు చేసినవాళ్లకు తాము కొన్ని లక్షల మంది ముందు మాట్లాడుతున్నామన్న స్పృహ కంటే, నలుగురు స్నేహితుల మధ్య ఉన్నామన్న భ్రమే ఎక్కువ. లైవ్ ఇచ్చే సౌఖ్యం అది, ప్రమాదమూ అదే.

కోర్టు మెట్లెక్కిన వెటకారం

2025 ఫిబ్రవరిలో ‘ఇండియాస్ గాట్ లేటెంట్’ షోలో పాడ్‌కాస్టర్ రణ్‌వీర్ అలహాబాదియా తల్లిదండ్రుల గురించి అడిగిన అసభ్య ప్రశ్న దేశమంతా దుమారం రేపింది. ఆ షో నడిపిన కమెడియన్ సమయ్ రైనా కూడా లైవ్ స్ట్రీమర్‌గానే పెద్దవాడయ్యాడు. 2020 లాక్‌డౌన్‌లో చదరంగం ఆడుతూ లైవ్ పెట్టి, గ్రాండ్‌మాస్టర్ విదిత్ గుజరాతీ లాంటివారిని తన చాట్‌లోకి రప్పించి, ఆ ఆటకు కొత్త తరాన్ని తెచ్చిపెట్టిన మనిషి. కేసులు పడగానే తన షో ఎపిసోడ్లన్నీ యూట్యూబ్ నుంచి తీసేశాడు.

సుప్రీంకోర్టు అలహాబాదియాకు అరెస్టు నుంచి తాత్కాలిక రక్షణ ఇస్తూనే అతని మాటలను తీవ్రంగా తప్పుపట్టింది. తర్వాత ఎస్ఎంఏ అనే అరుదైన వ్యాధితో బతుకుతున్నవారి తరఫున పనిచేసే ఒక ఫౌండేషన్ కోర్టుకు వెళ్లింది. దివ్యాంగులను, జబ్బుతో ఉన్నవారిని సమయ్ రైనా, మరికొందరు కమెడియన్లు వెక్కిరించారన్నది దాని ఫిర్యాదు. 2025 ఆగస్టు 25న ఆ కమెడియన్లు తమ చానళ్లలోనే క్షమాపణ చెప్పాలని కోర్టు ఆదేశించింది. ఆన్‌లైన్ మాటలకు మార్గదర్శకాలు రూపొందించాలని కేంద్రానికి చెప్పింది.

మార్గదర్శకాలు అనగానే ఉలిక్కిపడేవాళ్లు ఉన్నారు, వాళ్ల భయం అకారణం కాదు. ఆన్‌లైన్‌లో ‘చికాకు కలిగించే’ మాటలకు జైలుకు పంపిన 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అప్పటికే దాన్ని ఉపయోగించి కార్టూన్లు, ఫేస్‌బుక్ పోస్టులు పెట్టినవాళ్లను పోలీసులు అరెస్టు చేసి ఉన్నారు. 2024లో యూట్యూబ్ వార్తా వ్యాఖ్యాతలను కూడా పరిధిలోకి తెచ్చేలా తయారైన ప్రసార సేవల బిల్లు ముసాయిదాను విమర్శల తర్వాత కేంద్రం వెనక్కి తీసుకుంది. తిట్టే స్ట్రీమర్ కోసం వేసిన వల, ప్రభుత్వాన్ని ప్రశ్నించే విలేఖరికి తగలదని హామీ ఏమీ లేదు. ఇది రాస్తున్న నాకూ ఆ భయం ఉంది. అయినా ఎస్ఎంఏ బాధితులు కోర్టుకు వెళ్లిన తీరు వేరు. వాళ్లు నైతికత కోసం వెళ్లలేదు, తమను చూసి నవ్వారని వెళ్లారు. 2020లో ‘మీఠా’ అనిపించుకున్నవాళ్లకు ఆ అవకాశం దొరకలేదు. యూట్యూబ్ ఒక వీడియో తీసేసింది, అంతే. వాళ్లు ఏమనుకున్నారో వినడానికి అజేయ్ నాగర్ లైవ్‌లో వాళ్లనెవరినీ కూర్చోబెట్టలేదు.

ఎస్ఎంఏ కేసు మళ్లీ 2025 నవంబరులో విచారణకు వచ్చింది. జరిమానాలకు బదులు ధర్మాసనం ఇంకో పని అప్పగించింది. సమయ్ రైనా, మిగతా కమెడియన్లు తమ వేదికల మీద నెలకు కనీసం రెండుసార్లు కార్యక్రమాలు పెట్టి, ఆ వ్యాధి ఉన్నవారి చికిత్స కోసం విరాళాలు సేకరించాలి. ఆ వ్యాధితో బతుకుతూ ఏదో సాధించినవాళ్లను ఆ కార్యక్రమాలకు పిలవాలి కూడా.